యాడ్‌లకు మన సమాచారం వెళ్లే దారి ఎక్కడ మూయాలి? యాప్‌లోనా, ఫోన్‌లోనా, బిల్లు కౌంటర్ దగ్గరా?

పోయిన ఏడాది వేసవిలో భీమవరం పక్కనున్న ఉండి ఊరి దగ్గర మా బాబాయి రొయ్యల చెరువుకి తెల్లమచ్చ రోగం తగిలింది. పిల్ల వేసి యాభై రోజులు కూడా కాలేదు. ఉన్నదాన్ని ఉన్నట్టు పట్టేసి వచ్చిన రేటుకి ఇచ్చేశాడు. మేత బాకీ అలాగే ఉంది, లీజు గడువు దగ్గర పడింది. ఆ రాత్రి నిద్ర పట్టక ఫోన్‌లో ‘అర్జెంటు లోన్’ అని వెతికాడు. మూడు వెబ్‌సైట్లు తెరిచాడు. ఒకదానిలో పేరూ ఫోన్ నంబరూ కొట్టి, వడ్డీ చూసి భయపడి వెనక్కి వచ్చేశాడు. అప్పు తీసుకోలేదు.

మర్నాటి నుంచి ఫేస్‌బుక్ తెరిస్తే లోన్ యాడ్. ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్‌కీ రీల్‌కీ మధ్య లోన్ యాడ్. ‘ఐదు నిమిషాల్లో డబ్బు’, ‘కాగితాలు అక్కర్లేదు’. నెల రోజులు ఇదే వరస. డబ్బుకి ఇబ్బంది పడుతున్న మనిషికి రోజుకి పదిసార్లు ఆ మాట కళ్ల ముందు పెడితే ఎంత టెన్షనో పక్కనుండి చూశాను. “మన పంట పోయిందని వీళ్లకి ఎవరు చెప్పార్రా?” అని అడిగాడు బాబాయి. ఫోన్ మన మాటలు వింటుందని ఆయన గట్టి నమ్మకం. చాలామంది అదే అనుకుంటారు. మైకుతో విని యాడ్‌లు వెయ్యట్లేదని ఫేస్‌బుక్ 2016 నుంచీ చెబుతోంది. ఆ సంగతి పక్కన పెట్టినా, బాబాయి విషయంలో వినాల్సిన పనే లేదు. చెప్పింది ఆయన వేళ్లే.

చెరువు గట్టు మీద కూర్చుని ఆయన ఫోన్‌లో ఒక్కొక్క సెట్టింగూ మార్చి చూశాం. ఏది పనిచేసింది, ఏది ఉత్తి ఓదార్పు, ఎవరికి ఏది సరిపోతుంది అన్నదే ఇక్కడ రాస్తున్నాను.

సమాచారం వెళ్లే మూడు దారులు

మొదటిది వెబ్‌సైట్. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ మెటా అనే కంపెనీవే. లోన్ సైట్ వాళ్లు తమ పేజీలో మెటా పిక్సెల్ అనే చిన్న కోడ్ పెట్టుకుంటారు. మనం పేజీ తెరవగానే ‘ఫలానా బ్రౌజర్ నుంచి ఒకరు వచ్చారు, ఫారం దాకా వెళ్లి ఆగిపోయారు’ అన్న కబురు మెటాకి వెళ్తుంది. ఫారంలో కొట్టిన నంబరు, మెయిల్ కూడా గుర్తు పట్టలేని అక్షరాల గొలుసుగా మారి వెళ్లవచ్చు. అవతల మెటా దగ్గర మన ఖాతా నంబరుకీ అలాంటి గొలుసే ఉంటుంది. రెండూ సరిపోలితే మనిషి దొరికినట్టే. ఈ మధ్య చాలా కంపెనీలు ఈ కబురుని మన బ్రౌజర్‌తో పని లేకుండా తమ సర్వర్ నుంచే నేరుగా పంపుతున్నాయి.

రెండోది యాప్‌లు. ప్రతి ఆండ్రాయిడ్ ఫోన్‌కీ అడ్వర్టైజింగ్ ఐడి అని, యాడ్‌ల కోసం ఆ ఫోన్‌ని గుర్తుపట్టే ఒక గుర్తు ఉంటుంది. రొయ్యల రేట్లు చూపే యాప్, బస్సు టికెట్ల యాప్, ఆటల యాప్, అన్నీ అదే ఐడి చూస్తాయి. అందుకే ఒక యాప్‌లో చేసిన పని ఇంకో యాప్‌లో యాడ్‌గా తిరిగొస్తుంది.

మూడోది జాబితా. మనం నంబరు ఇచ్చిన షాపు ఆ నంబర్లన్నీ ఒక ఫైలుగా ఎక్కించి ‘వీళ్లకే నా యాడ్ చూపించు’ అనవచ్చు. ఫేస్‌బుక్‌లో ఈ సౌకర్యం 2012 నుంచీ ఉంది. జనం సమాచారం పోగుచేసి అమ్మే పెద్ద కంపెనీల వర్గీకరణలను కూడా ఫేస్‌బుక్ నేరుగా తన యాడ్ పద్ధతిలోకి తీసుకునేది. కేంబ్రిడ్జ్ అనలిటికా అనే సంస్థ కోట్లమంది ఫేస్‌బుక్ సమాచారం వాడుకున్న గొడవ బయటపడ్డాక 2018 మార్చిలో దాన్ని ఆపేస్తున్నట్టు ప్రకటించింది. అమ్మేవాళ్లు పోలేదు, జాబితాల దారీ పోలేదు. యాడ్ వేసేవాళ్లు ఎవరికి వాళ్లు తెచ్చి ఎక్కించుకుంటున్నారు.

డెల్టాలో పుట్టినవాళ్లకి ఇది చెప్పడం తేలికే. ధవళేశ్వరంలో హెడ్ లాకులు దించితే కాలువే ఆగుతుంది. మన చేను తూము మూసుకుంటే మన చేలోకి నీళ్లు రావు, కానీ కాలువ పారుతూనే ఉంటుంది. సెట్టింగ్స్‌లో కనిపించే మీటల్లో ఎక్కువ భాగం చేను తూములే. వాటిని మూసి, కాలువే ఆగిందనుకుంటే తర్వాత బాధపడతాం.

‘హైడ్ యాడ్’ నొక్కితే సరిపోదా?

బాబాయి మొదట చేసింది అదే. యాడ్ పక్కన మూడు చుక్కలు నొక్కి దాచేవాడు. ఆ కంపెనీ యాడ్ పోయేది, గంటలో ఇంకో కంపెనీది వచ్చేది. లోన్ ఇచ్చేవాళ్లు ఒకరా ఇద్దరా? ఎన్నని దాస్తాడు?

అయితే ఒక సందర్భంలో మాత్రం దీనికి దగ్గర చుట్టమైన సెట్టింగ్ విలువైనది. యాడ్ ప్రిఫరెన్సెస్‌లో యాడ్ టాపిక్స్ అని ఉంటుంది. మద్యం, జూదం, పిల్లల పెంపకం లాంటి విషయాలకు ‘సీ లెస్’ పెట్టుకోవచ్చు. గర్భం నిలవని ఇంట్లో పాల సీసాల యాడ్‌లు, ఉయ్యాలల యాడ్‌లు వస్తుంటే ఆ బాధ చెప్పనలవి కాదు. అలాంటివాళ్లు మిగతాదంతా తర్వాత చూసుకోవచ్చు, ముందు ఈ ఒక్కటి పెట్టండి. పూర్తిగా ఆగకపోవచ్చు, తగ్గుతాయి.

మెటాలో రెండు మీటలు: ఒకటి కాదు, రెండూ వేరు

ఇక్కడే ఎక్కువమంది పొరబడుతున్నారు, అందుకే కాస్త వివరంగా రాస్తాను.

ఫేస్‌బుక్ లేదా ఇన్‌స్టాగ్రామ్ సెట్టింగ్స్‌లో అకౌంట్స్ సెంటర్ తెరిచి యాడ్ ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్తే, యాడ్ పార్ట్‌నర్స్ నుంచి వచ్చే యాక్టివిటీ సమాచారం అనే మీట ఉంటుంది. దానికి ‘వద్దు’ అంటే, బయటి సైట్లు పంపిన సమాచారాన్ని మనకి యాడ్‌లు ఎంచడానికి వాడరు. కానీ ఆ సమాచారం మన ఖాతాకి అతుక్కునే ఉంటుంది.

రెండోది అదే అకౌంట్స్ సెంటర్‌లో మీ సమాచారం, అనుమతులు అనే భాగంలో ఉంటుంది. పేరు ‘యువర్ యాక్టివిటీ ఆఫ్ మెటా టెక్నాలజీస్’. 2019లో మూడు దేశాల్లో మొదలుపెట్టి, 2020 జనవరిలో అందరికీ ఇచ్చారు. ఇందులో మూడు పనులు చేయవచ్చు. ఇప్పటిదాకా చేరినది ఖాతా నుంచి తెంపేయవచ్చు. ఫలానా సైట్‌ది మాత్రమే తెంపవచ్చు. ముందు ముందు వచ్చేది కూడా ఖాతాకి అతుక్కోకుండా ఆపవచ్చు.

బాబాయి ఫోన్‌లో ఆ జాబితా తెరిచినప్పుడు ఆయన కళ్లజోడు సరిచేసుకుని ఒక్కో పేరూ చదివాడు. ఆ రాత్రి తెరిచిన మూడు లోన్ సైట్లూ ఉన్నాయి, తేదీతో సహా. ఏడాది కింద పిన్నికి కళ్లజోడు కొన్న సైట్ ఉంది. ఎప్పుడో దింపుకుని తీసేసిన క్రికెట్ ఆట యాప్ ఉంది. “ఇదంతా నా బుర్రలో కూడా లేదు కదరా” అన్నాడు. ఏరేటర్లు తిరుగుతున్న చప్పుడులో ఆ మాట నాకు ఇంకా వినబడుతోంది. మీరు ఏ సెట్టింగ్ మార్చినా మార్చకపోయినా, ఈ జాబితా మాత్రం ఒకసారి తెరిచి చూడండి. ఇవన్నీ ఎందుకు అన్న ప్రశ్న మళ్లీ రాదు.

రెండిట్లో ఒకటే అంటే నేను రెండోదే ఎంచుకుంటాను. యాడ్‌లకు వాడవద్దని చెప్పడం వేరు, మనిషికి అతికించవద్దని చెప్పడం వేరు. ఇబ్బంది ఒక్కటే: ‘ఫేస్‌బుక్‌తో లాగిన్’ అని ఎక్కడెక్కడ వాడారో అక్కడ ఆ లాగిన్ పనిచేయదు. ఆ యాప్‌లకు ముందే నంబరు లేదా మెయిల్ లాగిన్ పెట్టుకుని తర్వాత దీన్ని మార్చండి. ఫలితం వెంటనే కనబడదు, రెండు రోజుల దాకా ఆగాలి. కుదిరితే మొదటి మీటకి కూడా ‘వద్దు’ పెట్టేయండి, దానితో నష్టమేమీ లేదు.

ఇదీ చేను తూమే అని మరిచిపోవద్దు. వెబ్‌సైట్లు పంపడం మానవు, మెటా అందుకోవడం మానదు. మన పేరుకి కలపరు, అంతవరకే.

అదే యాడ్ సెట్టింగ్స్‌లో, తమ జాబితాల్లో మన పేరు పెట్టుకున్న యాడ్‌దారుల పట్టిక కూడా ఉంటుంది. బాబాయి పట్టికలో, పెళ్లి బట్టలు కొన్న ఒక షాపు కనబడింది. బిల్లు వేసేటప్పుడు నంబరు అడిగి తీసుకున్నారు, అంతే.

ఫోన్ దగ్గర ఆపితే?

బ్రాంచి కాలువ లాకు లాంటిది ఇది. ఒక్కచోట ఆపితే దాని కింద ఉన్న యాప్‌లన్నిటికీ ఆ ఐడి ఆగుతుంది.

ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, అందులో గూగుల్, అందులో యాడ్స్. కొన్ని ఫోన్లలో ప్రైవసీ కింద దొరుకుతుంది. అక్కడ ‘డిలీట్ అడ్వర్టైజింగ్ ఐడి’ నొక్కండి. ఆ తర్వాత ఏ యాప్ అడిగినా ఐడికి బదులు సున్నాల వరసే వెళ్తుంది. ‘రీసెట్’ అని ఇంకోటి ఉంటుంది, దానితో పాతది పోయి కొత్త ఐడి వస్తుంది, లెక్క మళ్లీ మొదలవుతుంది. కాబట్టి డిలీటే మేలు. అర నిమిషం పని, ఏ యాప్ పాడవదు.

ఐఫోన్ వాళ్ల పని ఇంకా తేలిక. 2021 ఏప్రిల్‌లో వచ్చిన ఐఓఎస్ 14.5 నుంచి ప్రతి యాప్ ట్రాకింగ్‌కి, అంటే వేరే యాప్‌లలో, సైట్లలో మనల్ని వెంబడించడానికి, ముందుగా అనుమతి అడగాలి. సెట్టింగ్స్‌లో ప్రైవసీ, ట్రాకింగ్ దగ్గర అడిగే అవకాశమే తీసేయవచ్చు. దీని దెబ్బ ఎంతంటే, 2022లో తమ ఆదాయానికి దాదాపు 1000 కోట్ల డాలర్ల గండి పడుతుందని మెటా వాళ్లే చెప్పారు. యాడ్ కంపెనీకి అంత నొప్పి కలిగించిన మీట మనకి ఎంత పనికొస్తుందో వేరే చెప్పాలా? ఆండ్రాయిడ్‌లో అది మనకై మనం వెతుక్కుని నొక్కాలి, తేడా అదే. మన వైపు ఎక్కువ చేతుల్లో ఉన్నది ఆండ్రాయిడే కాబట్టి ఇంట్లో తెలిసినవాళ్లు ఆ పని చేసిపెట్టాలి.

యూట్యూబ్ ఎక్కువ చూసేవాళ్లకి గూగుల్ ఖాతాలో మై యాడ్ సెంటర్ ఉంది, 2022లో వచ్చింది. అందులో పర్సనలైజ్డ్ యాడ్స్ ఆఫ్ చేయవచ్చు. యాడ్‌ల సంఖ్య తగ్గదు, మనిషిని చూసి వేయడం తగ్గుతుంది.

బ్రౌజర్ సంగతి

థర్డ్ పార్టీ కుకీలంటే, మనం తెరిచిన సైట్ కాకుండా వేరే కంపెనీలు మనల్ని గుర్తుపట్టడానికి బ్రౌజర్‌లో వదిలే చిన్న ఫైళ్లు. క్రోమ్ మామూలుగా వాటిని ఆపదు. వాటిని తీసేస్తామని గూగుల్ 2020లో చెప్పి, వాయిదాలు వేసి, 2024లో ఆ మాట వెనక్కి తీసుకుంది. సఫారీ 2020 నుంచీ, ఫైర్‌ఫాక్స్ 2019 నుంచీ చాలావరకు తమంతట తామే ఆపుతున్నాయి. క్రోమే కావాలంటే సైట్ సెట్టింగ్స్‌లో థర్డ్ పార్టీ కుకీలు బ్లాక్ చేయండి. ఆసుపత్రి, అప్పు, కోర్టు కేసు లాంటివి వెతికేటప్పుడు ఫైర్‌ఫాక్స్ విడిగా పెట్టుకుంటే ఇంకా మంచిది.

చూసిన పేజీల చరిత్ర ఫోన్‌లో మిగలని ఇన్‌కాగ్నిటో పద్ధతిని మాత్రం కవచం అనుకోవద్దు. 2025 జూన్‌లో పరిశోధకులు ఒక సంగతి బయటపెట్టారు. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ యాప్‌లు వెనకాల మేలుకుని ఉండి, బ్రౌజర్‌లో పిక్సెల్ ఉన్న సైట్ తెరిస్తే ఆ కబురుని ఫోన్ లోపలే అందుకుని మన ఖాతాకి కలిపేవి. ఇన్‌కాగ్నిటో వాడినా, కుకీలు చెరిపినా అది ఆగలేదు. బయటపడగానే మెటా ఆపేసింది. అయినా ఒక్క బ్రౌజర్‌నే నమ్ముకోలేం అనడానికి ఇంతకంటే రుజువు వద్దు.

నంబరు ఇవ్వకపోవడం

పైవన్నీ చేసినా, మూడో దారి మిగిలే ఉంటుంది. అడ్వర్టైజింగ్ ఐడి చెరిపేయవచ్చు, కుకీ ఆపవచ్చు, నంబరు మార్చలేం కదా. బ్యాంకు, గ్యాస్, ఆధార్, పిల్లల బడి, అన్నిటికీ అదే. ఎవరి జాబితాలో చూసినా మనల్ని పట్టించేది అదే. అందుకే నా లెక్కలో హెడ్ లాకు అంటే ఇదే.

బట్టల షాపులో, చెప్పుల షాపులో, హోటల్లో బిల్లుకి నంబరు అడిగితే “అక్కర్లేదండి, బిల్లు చాలు” అనండి. మొహమాటపడాల్సిన పని లేదు. నంబరు ఇస్తేనే బిల్లు అని పట్టుబట్టకూడదని 2023 మేలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ వ్యాపారులకు సూచన ఇచ్చింది. భీమవరంలో ఒక షాపులో నేను అలా అంటే కౌంటర్ దగ్గరి అమ్మాయి “సిస్టమ్ తీసుకోదండీ” అంది. మేనేజర్ వచ్చాక నంబరు లేకుండానే సిస్టమ్ తీసుకుంది.

తప్పనిసరైన చోట్లకి రెండో సిమ్ ఒకటి వాడుకోండి. బ్యాంకుకి ఇచ్చిన నంబరు ఫేస్‌బుక్‌కి ఇవ్వకండి. ఖాతా భద్రత కోసం ఇచ్చిన నంబర్లను కూడా యాడ్‌లకు వాడినందుకు ట్విట్టర్ 2022లో అమెరికాలో 15 కోట్ల డాలర్ల జరిమానా కట్టింది. ఫేస్‌బుక్ మీద 2019లో వచ్చిన 500 కోట్ల డాలర్ల జరిమానా కేసులోనూ ఇలాంటి ఆరోపణ ఒకటి ఉంది. భద్రతకి నంబరు బదులు, లాగిన్ కోడ్‌లు ఫోన్‌లోనే చూపే ఆథెంటికేటర్ యాప్ పెట్టుకోవచ్చు.

లోన్ సైట్‌లో నంబరు కొట్టిన పాపానికి బాబాయికి కాల్స్ కూడా మొదలయ్యాయి. 1909కి ‘స్టార్ట్ 0’ అని ఇంగ్లీషులో మెసేజ్ పంపితే కంపెనీల ప్రచార కాల్స్, మెసేజ్‌లకు అడ్డు పడుతుంది. ఫేస్‌బుక్ యాడ్‌లకీ దీనికీ సంబంధం లేదు, కానీ రెండూ కలిపి చేస్తేనే ఇంట్లో ప్రశాంతత.

ఎవరికి ఏది?

ఒకే ఫోన్‌లో ఫేస్‌బుక్, యూట్యూబ్ చూసుకునే పెద్దవాళ్లకి: అడ్వర్టైజింగ్ ఐడి డిలీట్, మెటాలో రెండో మీట, 1909 మెసేజ్. పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. బ్రౌజర్ మార్చమని వాళ్లని ఇబ్బంది పెట్టకండి.

వ్యాపారానికి, చదువుకి రోజంతా బ్రౌజర్ వాడేవాళ్లకి దానితో పాటు ఫైర్‌ఫాక్స్. గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లు అక్కడి నంబరుతో ఒక ఖాతా, ఇక్కడి నంబరుతో ఒక ఖాతా నడుపుతుంటారు. రెండిట్లోనూ చూసి మార్చుకోవాలి, ఒకచోట మారిస్తే చాలనుకోవద్దు.

ఇంట్లో పిల్లలుంటే చట్టం కూడా తెలుసుకోండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపు వాళ్ల కదలికలు కనిపెట్టి యాడ్‌లు వేయకూడదు. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. కంపెనీల మీద ముఖ్యమైన బాధ్యతలు మాత్రం పద్దెనిమిది నెలల తర్వాత, అంటే 2027లో అమల్లోకి వస్తాయి. పిల్లవాడు పుట్టిన సంవత్సరం అబద్ధం చెప్పి ఖాతా తెరిస్తే ఈ రక్షణ ఎలా అందుతుంది? ముందు ఆ సంవత్సరం సరిచేయించండి.

మనలో యాడ్ వేసేవాళ్లూ ఉన్నారు. మా అత్తయ్య వాళ్లు ఆత్రేయపురంలో పూతరేకులు చేసి వాట్సాప్ ఆర్డర్ల మీద పంపుతారు. దసరా ముందు ఒక కుర్రాడు వచ్చి “ఆర్డర్లు ఇచ్చిన నంబర్లన్నీ ఇవ్వండి అత్తా, ఫేస్‌బుక్‌లో ఎక్కించి వాళ్లకే యాడ్ వేద్దాం” అన్నాడు. నేను వద్దన్నాను. స్వీటు పంపమని ఇచ్చిన నంబరు అది, యాడ్ కోసం ఇచ్చింది కాదు. వాళ్ల అనుమతి లేకుండా ఎక్కించడం మెటా షరతులకే విరుద్ధం, కొత్త చట్టం వచ్చాక ఇంకా ఇబ్బంది. దానికి బదులు రాజమండ్రి, కాకినాడ, హైదరాబాద్ ఊర్లు ఎంచుకుని, స్వీట్ల మీద ఆసక్తి ఉన్నవాళ్లకి వేశాం. పాత ఖాతాదారులకి అత్తయ్యే వాట్సాప్ స్టేటస్ పెట్టింది. ఆర్డర్లు బాగానే వచ్చాయి.

ఇవేవీ ఆపలేనివి

ఫేస్‌బుక్ లోపల మనం ఏ వీడియో దగ్గర ఎంతసేపు ఆగామో, ఏ గ్రూపులో ఉన్నామో, ఏ ఊరి నుంచి చూస్తున్నామో, అది వాళ్ల సొంత లెక్క. దానికి మీట లేదు. 2025 డిసెంబరు నుంచి, ఈ యాప్‌లలో నీలం గుండ్రంగా కనబడే మెటా ఏఐ అనే చాట్‌బాట్‌తో మాట్లాడే మాటలు కూడా యాడ్‌లు ఎంచడానికి పనికొస్తున్నాయి. కాబట్టి అప్పు సంగతో, ఆరోగ్యం సంగతో ఆ నీలం గుండ్రం నొక్కి అడగకండి. వాట్సాప్‌లో మనుషులతో చేసే చాట్‌లు వేరు, అవి ఎన్‌క్రిప్ట్ అయి, అంటే పంపినవాళ్లూ అందుకున్నవాళ్లూ తప్ప ఎవరూ చదవలేకుండా ఉంటాయి, యాడ్‌లు అప్‌డేట్స్ ట్యాబ్‌లోనే వస్తాయి.

బాబాయి ఫోన్‌లో లోన్ యాడ్‌లు మూడో వారానికి బాగా తగ్గాయి. అప్పుడప్పుడు ఒకటి కనబడుతుంది. అలా కనబడినా, ఆ యాప్ పేరు రిజర్వ్ బ్యాంకు వెబ్‌సైట్‌లో 2025 జూలై నుంచి పెట్టిన డిజిటల్ లోన్ యాప్‌ల పట్టికలో ఉందో లేదో చూడనిదే ముట్టుకోవద్దని చెప్పాను. లీజు డబ్బులు చివరికి సొసైటీలో సర్దుబాటయ్యాయి. ఇప్పుడు ఆయన ఫేస్‌బుక్ నిండా మేత కంపెనీలు, ఏరేటర్ మోటార్లు, సీడ్ హేచరీల యాడ్‌లే. ఆక్వా గ్రూపులు నాలుగింటిలో ఉన్నాడు మరి. వాటిని ఆపమంటావా అని అడిగితే, “అవి ఉండనీరా, రేట్లు తెలుస్తాయి” అన్నాడు. పిన్ని ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టాడు.